సిఫావు కోసిన గినీకోళ్ళు

ముప్పై అయిదేళ్ళపాటు అబెయొకుటా ఊరి జనం సిఫావు పీల్చమన్నప్పుడే ఊపిరి పీల్చారు, వదలమన్నప్పుడే వదిలారు. ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో ఆమె ఆయా. "చొక్కా విప్పు. గడ్డం ఇక్కడ ఆనించు. గాలి పీల్చు. బిగపట్టు. కదిలావంటే మళ్ళీ తీయాలి, నాకేం వేరే పనిలేదనుకున్నావా?" అని కసిరితే ఇమాములూ, పాస్టర్లూ, పోలీసు ఇన్‌స్పెక్టర్లూ కూడా బడిపిల్లల్లా పలకకి ఛాతీ ఆనించి నిలబడేవారు. ఫిల్ములు కడిగి తీగ మీద ఆరేయడం, ఆరాక పేరూ తేదీ సరిచూసి కవర్లలో పెట్టి ఇవ్వడం కూడా ఆమె పనే. ఎవరైనా ఫిల్మును మడిచి చంకలో ఇరికించుకుంటే ఆమెకు ఒళ్ళు మండేది. "అది కాగితం కాదయ్యా, నీ లోపలి మనిషి. మడవకు!" అనేది.

సైనికుల పాలన పోయి ఎన్నికలొచ్చిన ఏడు ఆమె రిటైరయింది. అప్పటికి యాభై ఏడేళ్ళు. భర్త పోయి పన్నెండేళ్ళు. ఒక్కగానొక్క కూతురు సాగాములో టీచరు. మొదటి సోమవారం అలవాటు కొద్దీ తెల్లారకముందే స్నానం చేసి, తలకు గుడ్డ చుట్టుకుని, వీధి గేటు దాకా వెళ్ళాక గుర్తొచ్చింది, వెళ్ళాల్సిన చోటంటూ ఏదీ లేదని. కూతురు రమ్మంటే వెళ్ళి ఎనిమిది రోజులుంది. ఆ ఎనిమిది రోజుల్లో కూతురి వంటింట్లో గిన్నెలన్నీ చోట్లు మారిపోయాయి, అల్లుడికి రోజూ దగ్గు ఉందా అని పరీక్ష జరిగింది. తొమ్మిదో రోజు కూతురే ప్రేమగా బస్సెక్కించింది.

తిరిగొచ్చిన సాయంత్రం వెనక వసారాలో కూర్చుని ఉండగా ఆమెకు తండ్రి గుర్తొచ్చాడు. ఆ వసారా ఆయనదే. తేయాకు పెట్టెల లోపలి రేకు విప్పి, చెక్క దిమ్మ మీద పరిచి, చిన్న ఉలితో టకటకా కొడుతూ ఆయన అచ్చులు కోసేవాడు. ఆకులు, చేపలు, గొడుగులు, దువ్వెనలు. కోసిన రేకును తెల్లగుడ్డ మీద పెట్టి, కర్రపెండలం గంజిని దాని మీద బద్దతో లాగితే, సందుల్లోంచి గంజి దిగి బొమ్మ పడేది. ఆ గుడ్డను నీలిమందు కుండలో ముంచితే, గంజి ఉన్నచోట రంగు పట్టదు. అదే ఆదిరే. ఇతోకు పేటలో ఆ రోజుల్లో ఇంటికో నీలి కుండ ఉండేది.

సిఫావుకు ఉలి పట్టుకోవాలని ఉండేది. కానీ పేటలో వాడుక వేరు. రేకు మగవాళ్ళది, కోడి ఈకతో గంజి గీతలు గీయడం ఆడవాళ్ళది. అన్న రఫియుకు పదేళ్ళకే ఉలి చేతికొచ్చింది. ఆమెకు గుడ్డ అంచు పట్టుకునే పని దక్కింది. "నువ్వు ఈక పట్టుకోవే తల్లీ, రేకు నీ వేళ్ళు తినేస్తుంది" అనేవాడు తండ్రి, ప్రేమగానే. ఈక ఆమెకు లొంగలేదు. గీత గీయబోతే మెలికలు తిరిగేది. చివరికి ఆసుపత్రిలో చేరింది. తండ్రి పోయాడు, మిల్లు గుడ్డలు చవకగా వచ్చిపడ్డాయి, రఫియు ఉలి పక్కన పడేసి సైకిలు షాపు పెట్టుకున్నాడు. అచ్చురేకులు కొన్ని తుప్పు పట్టాయి, కొన్ని కోళ్ళగూటికి చిల్లులు పూడ్చడానికి పనికొచ్చాయి.

మర్నాడు పొద్దున్నే ఆమె రెండు వీధుల అవతల అన్న షాపుకు వెళ్ళింది. రఫియు చక్రం తిప్పుతూ తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏమే, సాగాము అప్పుడే చేదయిందా?"

"నాన్న ఉలి నీ దగ్గరుందా, అన్నయ్యా?"

"ఉలా? దేనికి?"

"రేకు కోస్తా."

రఫియు చక్రం ఆపాడు. పక్కన కూర్చున్న ఇద్దరు ముసలివాళ్ళ వైపు చూసి కన్నుగీటాడు. "విన్నారా? ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ ఎముకలు చూసింది. ఇప్పుడు తన వేలి ఎముక తనే చూసుకుంటుందట, మిషను లేకుండా!"

ముసలివాళ్ళు పకపకా నవ్వారు. సిఫావు నవ్వలేదు. సామాన్ల డబ్బాలో చెయ్యి పెట్టి కెలికి, అడుగున దొరికిన ఉలి తీసుకుని కొంగున దోపుకుంది.

"నువ్వేమో నాన్న ఉలితో టైర్లు ఊడదీస్తున్నావు. నవ్వాల్సింది నేను" అని చెప్పి వచ్చేసింది.

అయితే రఫియు అన్నంతా జరిగింది. కొత్త జింకు రేకు తెచ్చి దిమ్మ మీద పెట్టి మొదటి దెబ్బ వేస్తే ఉలి జారింది. రెండో దెబ్బ బొటనవేలి మీద పడింది. మూడోరోజుకి రెండు చేతులకీ కట్లు. రేకు మాత్రం ఆకులా కాక, ఎలుకలు కొరికిన రొట్టెలా తయారైంది. వంటింట్లో కూర్చుని ఎండు పెండలం పిండితో ఉడికించిన అమలా ముద్ద చెంచాతో తినాల్సిన గతి పట్టిందని తనలో తను తిట్టుకుంటుండగా, ఎదురుగా కిటికీలోంచి ఒక తుంటి ఎముక ఆమెను చూసింది.

ఆ కిటికీ అద్దం ఎప్పుడో పగిలింది. ఉద్యోగం వదిలిన రోజు ఆసుపత్రివాళ్ళు గోడ గడియారం బహుమానంగా ఇస్తే, ఆమె దాంతోపాటు చెడిపోయిన ఫిల్ముల కట్ట ఒకటి అడిగి తెచ్చుకుంది. కదిలిపోయినవాళ్ళవి, వెలుతురు తగిలి పాడైనవి. వాటిలో ఒకటి కిటికీకి అంటించింది. గట్టిగా ఉంటుంది, వంగుతుంది, నీళ్ళకు పాడవదు. ముప్పై అయిదేళ్ళు తన వేళ్ళ మధ్య నలిగిన వస్తువు. సిఫావు ముద్ద వదిలేసి లేచి, కట్టలోంచి ఒక ఫిల్ము తీసి, కొత్త బ్లేడుతో ఒక గీత కోసింది. బ్లేడు వెన్నలో దిగినట్టు దిగింది.

సిఫావు ఒక్కతే వంటింట్లో నిలబడి పెద్దగా నవ్వింది.

మొదట కోసింది చేప. చుట్టూ గీత కోసి, లోపల కన్ను కోసి, పొలుసులు కోసి, ఎంతో ముచ్చటపడుతూ పైకెత్తింది. చేప మొత్తం ఊడి ఒళ్ళో పడింది. చేతిలో మిగిలింది చేప ఆకారంలో ఉన్న పెద్ద కన్నం. సరిగ్గా అప్పుడే రఫియు, చెల్లెలి వేళ్ళు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడానికి గుమ్మంలోకి వచ్చాడు. ఆ దృశ్యం చూసి గోడ పట్టుకుని నవ్వాడు.

"నీ చేప ఏటికి పోయిందే!"

"నవ్వింది చాలు. ఎందుకు ఊడిందో చెప్పు."

"చెప్పను. మగవాళ్ళ రహస్యం."

"అయితే ఇందాక పొయ్యి మీద పెట్టిన అకారా కూడా ఆడవాళ్ళ రహస్యమే. వెళ్ళు."

బొబ్బర్ల పిండితో చేసిన అకారా వాసన అప్పటికే గుమ్మం దాటింది. రఫియు కాసేపు బెట్టు చేసి కూర్చున్నాడు. ఆరు అకారాలు తిన్నాక చెప్పాడు. "చుట్టూ కోయకూడదు. అక్కడక్కడా లంకె వదలాలి. చేప లోపలి ముక్క బయటి రేకును పట్టుకుని వేలాడాలి. లంకె మరీ సన్నమైతే తెగుతుంది, లావైతే బొమ్మ చెడుతుంది. అందులోనే ఉంది పనంతా." చెప్పి, ఫిల్మును చేతిలో తిప్పి చూసి, మూతి విరిచాడు. "అయినా ఇదేం రేకు? ప్లాస్టిక్కు. నాన్న చూస్తే ఏమనేవాడో."

"నాన్న చూస్తే ఇంకో కట్ట అడిగేవాడు" అంది సిఫావు.

ఆ వారంలో ఆకు నిలబడింది. తర్వాత చేప నిలబడింది. కర్రపెండలం పిండిలో పటిక కలిపి గంజి ఉడికించింది. చిన్నప్పుడు తల్లి చెప్పినట్టే చెంచాకు అంటుకుని, జారీ జారనట్టు ఉండాలి. పొడుగు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, ఫిల్ము పెట్టి, రబ్బరు బద్దతో గంజి లాగి, మెల్లగా ఎత్తింది. గుడ్డ మీద చేప. పక్కన మళ్ళీ చేప. మధ్యాహ్నానికి బల్లంతా చేపలే. ఎండలో గంజి గట్టిపడ్డాక పెరట్లో మళ్ళీ నీలిమందు కలిపిపెట్టుకున్న కుండలో ముంచి తీసింది. ఆకుపచ్చగా పైకి వచ్చిన గుడ్డ గాలి తగిలేకొద్దీ ఆమె కళ్ళ ముందే నీలమైంది. మళ్ళీ ముంచి, మళ్ళీ ఆరేసి, మూడోరోజు గంజి గీకితే, నల్లటి నీలంలో లేత ఆకాశం రంగు చేపలు ఒక్కొక్కటే కళ్ళు తెరిచాయి. ఆ గుడ్డ ఆరేసిన తాడు కింద కుర్చీ వేసుకుని, ఆమె అన్నం కూడా మరిచి సాయంత్రం దాకా కూర్చుంది.

నెల తిరగకుండా కట్టలో ఫిల్ములు అయిపోయాయి. అప్పుడు సిఫావు వీధి మీద పడింది. ఏ ఇంట్లో అల్మరా వెనక ఏ ఎముక ఉందో ఆమెకు తెలిసినంతగా ఆ ఇంటివాళ్ళకే తెలియదు. "మీ అబ్బాయి మామిడిచెట్టు మీంచి పడ్డాడు కదా, ఆ మోచెయ్యి ఇంకా ఉందా?" "మీ అత్తగారి మోకాలు ఏం చేశావే? ఆవిడ పోయి అయిదేళ్ళయింది కదా." జనం నవ్వుకుంటూ దుమ్ము దులిపి ఇచ్చేవారు. ఒక్కొక్క ఫిల్ము తీసుకోగానే ఆమె వెలుతురుకు ఎత్తి మూల ఉన్న పేరూ తేదీ చదివేది. పాతదైతేనే ఉంచుకునేది. మందులు వాడుతున్నవాళ్ళదైతే తిట్టి మరీ వెనక్కి ఇచ్చేది.

పక్కింటి ఇయా కఫీలా మాత్రం ఒకేసారి పెద్ద కట్ట తెచ్చి పడేసింది. ఆమె అసలు పేరు వాడకంలో లేదు. పెద్దకూతురు కఫీలా కాబట్టి అందరికీ ఇయా కఫీలా, కఫీలా అమ్మ. ఆమె భర్త ముదాసిరు నలభై ఏళ్ళు ఉత్తరాన కానో దాకా లారీ తోలి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. "తీసుకో అక్కా. అల్మరా వెనక బొద్దింకలు కాపురం పెట్టాయి వీటి మధ్య" అని చెప్పి ఆమె వెళ్ళిపోయింది.

ఆ రోజు సిఫావు ధ్యాస వేరే ఉంది. పొద్దున్నించీ తండ్రి గీసే గినీకోళ్ళ జంట మనసులో తిరుగుతోంది. ఎదురెదురుగా రెండు కోళ్ళు, మధ్య ఒక సొరబుర్ర. ఒళ్ళంతా చుక్కలు, చుక్క చుక్కకీ లంకె. ఆ రేకు మిగల్లేదు. నాలుగుసార్లు కాగితం మీద గీస్తే నాలుగుసార్లూ బాతుల్లా వచ్చాయి. అయిదోసారి మెడ వంపు కుదిరింది. ఆ మెడ మళ్ళీ ఎక్కడ మరిచిపోతానో అన్న తొందరలో, కట్ట మీద ఉన్న పెద్ద ఫిల్ము లాగి, వెలుతురుకు ఎత్తకుండా, మూల చదవకుండా, బ్లేడు దించేసింది. సాయంత్రానికి రెండు కోళ్ళూ దిగాయి. ఒక్క లంకె తెగలేదు. ఆనందం పట్టలేక ఆ ఒక్క అచ్చుతోనే అయిదు గజాల గుడ్డ నింపి నీలి కుండ ఎక్కించింది.

వారం తర్వాత మంగళవారం పొద్దున్న ఇయా కఫీలా కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, కొంప మునిగింది! మా ఆయన ఛాతీ ఫిల్ము నీ దగ్గరుందా?"

"ఏ ఫిల్ము?"

"రెండు నెలల కిందట నెమ్ము చేసిందే, అప్పటిది. కొత్తది తీసి దీంతో పోల్చి చూడాలి, ఇవాళ రమ్మంది డాక్టరమ్మ. చుట్టాలకు చూపించడానికి ఆయన కవరులోంచి తీసినట్టున్నాడు, నేను అన్నిటితోపాటు కట్టేశాను. మేకుకు కవరు ఉత్తదే వేలాడుతోంది!"

 ఆ ఫిల్ము సిఫావుకు తెలియనిదా! ముదాసిరు ఇంటికి ఎవరెళ్ళినా కాఫీ కన్నా ముందు అది చేతికొచ్చేది. "చూడండి, సహారా దుమ్ము మింగి అరిగించుకున్న ఛాతీ" అని కిటికీకి ఎత్తి చూపించేవాడు. ఆమె వసారాలోకి వెళ్ళి గినీకోళ్ళ అచ్చు తెచ్చి వెలుతురుకు ఎత్తింది. ఎడమ ఊపిరితిత్తిలో ఒక కోడి, కుడి ఊపిరితిత్తిలో ఒక కోడి. గుండె ఉండాల్సినచోట సొరబుర్ర. మూల స్పష్టంగా ముదాసిరు పేరు.

ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇయా కఫీలా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుంది సిఫావు. తీరా చూస్తే భుజాలు ఊగేలా నవ్వుతోంది.

"నవ్వకే! నేను చేసింది తప్పు. పద్ధతి తెలిసీ చేసిన తప్పు" అంది సిఫావు. ముప్పై అయిదేళ్ళలో ఒక్క ఫిల్ము మడవనివ్వని తను, పేరు చదవకుండా బ్లేడు పెట్టింది. "నేనే వెళ్ళి ఆయనకు చెబుతాను."

అంతలో గోడ అవతలి నుంచి ముదాసిరు కేక వినిపించింది. "టాక్సీ వచ్చింది! నా కవరెక్కడ? సిఫావును కూడా రమ్మను, ఆమె ఉంటే లైన్లో నిలబడక్కర్లేదు!"

ఇయా కఫీలా చటుక్కున ఫిల్ము లాక్కుని కవరులో దోపింది. "దారిలో చెప్పు అక్కా. ఇక్కడ చెబితే వీధంతా వింటుంది."

దారిలో చెప్పడానికి సిఫావు మూడుసార్లు నోరు తెరిచింది. మూడుసార్లూ ముదాసిరు టాక్సీ డ్రైవరును తిట్టడంలో మునిగి ఉన్నాడు. "గేరు మార్చు! బండి ఏడుస్తోంది, వినపడటంలేదా? అది గుంటరా నాయనా, ఊరేగింపు కాదు, పక్కనించి పో!" డ్రైవరు తిరిగి అన్నాడు, "బాబా, మీరే తోలండి, నేను వెనక కూర్చుని తిడతాను." ఆ గొడవ తేలేసరికి ఆసుపత్రి వచ్చేసింది. పాత స్నేహితులు సిఫావును చూసి కేకలు పెడుతూ కౌగిలించుకుని, ముదాసిరుకు కొత్త ఫిల్ము తీసి, నేరుగా డాక్టరు గదిలోకి పంపారు.

డాక్టరు ఒమోలరా చిన్నది, ముప్పై దాటి ఉండదు, ఏడో నెల కడుపుతో ఉంది. అంత కడుపుతోనూ పెద్దవాళ్ళను చూసి మోకాలు కాస్త వంచి పలకరించింది. కొత్త ఫిల్ము లైటు పెట్టెకు తగిలించింది. తర్వాత పాత కవరు అందుకుంది.

"డాక్టరమ్మా, ఒక్కమాట" అంది సిఫావు.

"చూశాక మాట్లాడుకుందాం అమ్మా" అంటూ ఒమోలరా ఫిల్ము లాగి లైటుకు తగిలించింది.

గదంతా ఒక్కసారి వెలిగింది. నల్లటి ఛాతీ మధ్యలో రెండు గినీకోళ్ళు ధగధగా మెరుస్తూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. వాటి చుక్కల సందుల్లోంచి వెలుగు ముదాసిరు మొహం మీద పడింది. డాక్టరు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"తాతా," అంది మెల్లగా, "రెండు నెలల కింద నేను నెమ్ము అని రాశాను. కోళ్ళని రాయలేదు."

ముదాసిరు కళ్ళు తేలేశాడు. చెయ్యి తన ఛాతీ మీదకు వెళ్ళింది. "కోళ్ళా? నా లోపలా? అందుకేనా పొద్దున్నే కితకితలు పెట్టినట్టుంటుంది?"

సిఫావు ఇక ఆగలేదు. ముందుకొచ్చి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "బాబా కఫీలా, అవి మీ కోళ్ళు కావు, నావి. మీ ఫిల్మని చూసుకోకుండా నేనే కోశాను. ఎవరైనా చేస్తే నేను నాలుగు వాయించేదాన్ని. నన్నేమన్నా పడతాను." గుడ్డ సంగతి, అచ్చు సంగతి, కట్ట సంగతి అన్నీ దాచకుండా చెప్పింది.

ముదాసిరు ఒంటికాలి మీద లేచాడు. నలభై ఏళ్ళు ఉత్తరదేశపు రోడ్ల మీద దొంగలకు కూడా తన లారీలో చెయ్యి పెట్టే ధైర్యం లేకపోయిందనీ, పక్కింటి ఆడది ఏకంగా తన ఊపిరితిత్తుల్లో కోళ్ళను పెంచిందనీ గదంతా మారుమోగేలా అరిచాడు. అరుపు మధ్యలో ఎక్కడా దగ్గు రాలేదు. అది మొదట గమనించింది డాక్టరే. కాసేపటినుంచి ఆమె బల్ల మీదకు వంగి ఉంది, భుజాలు ఊగుతున్నాయి. చివరికి కళ్ళు తుడుచుకుంటూ తలెత్తింది.

"తాతా, కూర్చోండి. పాత ఫిల్ములో ఏముందో నేను అప్పుడే కాగితం మీద వివరంగా రాసిపెట్టాను, అది చాలు. కొత్తది చూడండి. మచ్చ పోయింది. మీ ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఇంత అరిచిన మనిషికి వేరే పరీక్ష అక్కర్లేదు." తర్వాత సిఫావు వైపు తిరిగింది, గొంతు మారింది. "అమ్మా, వేరే ఎవరిదైనా అయితే ప్రమాదం అయ్యేది. మీకు నేను చెప్పాలా?"

"అక్కర్లేదమ్మా. ఇక నా ఇంట్లో మూల చదవకుండా బ్లేడు తెరుచుకోదు."

"సరే. ఆ కోళ్ళ గుడ్డ ఆరిందా? నాకు చూడాలని ఉంది."

ముదాసిరు నాలుగు రోజులు మాట్లాడలేదు. సిఫావు గేటు ముందునించి వెళ్ళాల్సి వస్తే మొహం ఇటు తిప్పకుండా, మెడ పట్టేసినవాడిలా నడిచాడు. అయిదోరోజు సిఫావు గంజి గీకి, ఉతికి, గట్టి దుడ్డుకర్రతో కొట్టి మెరుగు తెచ్చిన గినీకోళ్ళ గుడ్డ అయిదు గజాలూ మడిచి ఇయా కఫీలా చేత పంపింది. గోడ అవతల గుడ్డ విప్పి దులిపిన చప్పుడైంది. తర్వాత ముదాసిరు గొంతు వినిపించింది. "ఈ ఎడమవైపుది కొంచెం బక్కగా ఉంది. నా ఎడమ ఊపిరితిత్తి అంత బక్కదా?"

"బట్ట కుట్టించుకుంటారా, వెనక్కి ఇవ్వమంటారా?" అని భార్య.

"నా ఛాతీలోంచి వచ్చిందాన్ని నేను వెనక్కెందుకిస్తానే!"

శుక్రవారం మసీదుకు ఆయన ఆ గుడ్డతో కుట్టించిన పొడుగాటి అగ్బాదా అంగీ వేసుకుని బయల్దేరాడు. పది నిమిషాల దారికి గంట పట్టింది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆగి ఆగి చెప్పాడు. "ఎక్కడా కొనలేరు దీన్ని. ముందు నెమ్ము చెయ్యాలి, తర్వాత నాలాంటి ఛాతీ ఉండాలి." సాయంత్రానికి సిఫావు గేటు ముందు జనం. అందరి చేతుల్లోనూ ఫిల్ములు. వెన్నెముక తెచ్చినవాడు దాంట్లో తాడిచెట్టు కోయమన్నాడు. పన్ను ఎక్స్‌రే తెచ్చిన ఒకామె అంత చిన్నదాంట్లో ఏం పడుతుందని అడిగితే, "చీమ" అంది సిఫావు. ఇద్దరు తోడికోడళ్ళు మాత్రం పోయిన అత్తగారి మోకాలు ఎవరికి చెందాలని గేటు దగ్గరే కొట్టుకున్నారు. సిఫావు దాన్ని రెండుగా కోసి చెరొక బల్లి చేసింది. ఒక్కొక్క ఫిల్మునూ వెలుతురుకు ఎత్తి, పేరు పైకి చదివి, "మందులు వాడుతున్నావా?" అని గద్దించాకే లోపల పెట్టింది.

ఆ గుంపు వెనక రఫియు కూడా ఉన్నాడు. అందరూ వెళ్ళాక వసారాలోకి వచ్చి, గినీకోళ్ళ అచ్చు తీసుకుని, దిమ్మ మీద పరిచి, వేలితో ఒక్కొక్క లంకె తడిమాడు. 

"తోక తప్పు," అన్నాడు చివరికి. "నాన్న అయిదు ఈకలు కోసేవాడు. నువ్వు ఆరు కోశావు."

"లెక్క నాకు తెలుసు. ఆరోది నాది."

రఫియు నవ్వాడు. ఈసారి వెక్కిరింపు లేదందులో. కళ్ళు మాత్రం చెమర్చాయి. "నాకెప్పుడూ ఈ పని నచ్చలేదే. పదేళ్ళకే చేతికిచ్చారు కాబట్టి చేశాను. నువ్వు గుడ్డ అంచు పట్టుకుని నా చేతులవైపే చూస్తూ నిలబడితే నాకు కోపమొచ్చేది, ఎందుకు చూస్తుందా అని." ఆగి, గంజి గిన్నెవైపు చూశాడు. "కానీ గంజి లాగడం నాకు ఇష్టం. అది నీకు ఇంకా చేతకావడంలేదు. ఇక్కడ చూడు, అంచుల్లో మందమైపోయింది. బద్ద ఇలా తే."

ఆ రోజునుంచి సాయంత్రాలు సైకిలు షాపు తొందరగా మూతపడేది. సిఫావు కోసేది, రఫియు గంజి లాగేవాడు, ఇయా కఫీలా ముంచేది. ముదాసిరుకు ఏ పనీ చేతకాదు కాబట్టి కుర్చీలో కూర్చుని ముగ్గురికీ గేరు ఎప్పుడు మార్చాలో చెప్పేవాడు. వెక్కిరింతలూ, సందు దొరికితే పాటలూ, మధ్యలో పళ్ళెం నిండా వేయించిన అరటికాయ. సాగామునుంచి కూతురు వచ్చి చూసి, తల్లి ఎవరినీ దగ్గుందా అని ఒక్కసారీ అడగలేదని భర్తకు ఫోను చేసి చెప్పుకుంది.

రెండు నెలలకు డాక్టరు ఒమోలరాకు కూతురు పుట్టింది. బిడ్డకు పేరు పెట్టే ఎనిమిదో రోజుకు తన చుట్టాలందరికీ ఒకే గుడ్డ కావాలని కబురు చేసింది. పిల్ల కాబట్టి ఏదైనా కొత్త బొమ్మ ఉండాలంది. నలుగురూ రాత్రింబవళ్ళు తర్జనభర్జన పడి, చివరికి తల్లి వీపున కట్టుకున్న బిడ్డను కోశారు. బిడ్డ తల ఊడిపోకుండా లంకె ఎక్కడ పెట్టాలన్నది అన్నిటికన్నా కష్టమైంది. తల్లి జడలోంచి ఒక పాయ బిడ్డ నుదుటిదాకా తెచ్చి సిఫావు దాన్ని నిలబెట్టింది.

ఆ పొద్దున్న పొరుగూళ్ళో డాక్టరు పుట్టింటి వాకిట్లో అరవైమంది ఆ గుడ్డలో నిలబడి ఉంటే, దూరంనుంచి చూసినవాళ్ళకు వాకిలి మొత్తం నీలంగా కదులుతున్నట్టుంది. బిడ్డ నాలికకు తేనె రాశారు, ఉప్పు రాశారు, ఏడు పేర్లు పెట్టారు. డప్పు మొదలవగానే ముదాసిరు ఎవరూ పిలవకుండానే ఆడేవాళ్ళ వలయంలోకి దిగి, భుజాలు విదిలిస్తూ ఆడాడు. టమాటా వేసి వండిన జొల్లోఫ్ అన్నం, వేపుడు చేప ఎవరూ లెక్కచూసుకోకుండా తిన్నారు. ఒమోలరా బిడ్డను తెచ్చి సిఫావు చేతుల్లో పెట్టింది. బిడ్డ ఆమె మెడలోని గుడ్డ అంచు పిడికిట్లో పట్టుకుని వదల్లేదు.

తిరుగు ప్రయాణంలో బస్సులో నలుగురికీ ఒకే వరసలో చోటు దొరికింది. ఊరి శివారు రాళ్ళగుట్టల దగ్గరకు వచ్చేసరికి వచ్చే వారం ఏం కోయాలన్న మాట లేచింది. సిఫావు తాబేలు అంది.

"తాబేలుకు తోక ఉంటుందా?" అన్నాడు రఫియు.

"ఎందుకుండదు?"

"ఉండదు. నేను చూశాను."

"నువ్వు చూసింది వెనకనించి కాదు."

ముదాసిరు ముందుకు వంగి, డ్రైవరు భుజం తట్టాడు. "నాయనా, తాబేలుకు తోక ఉంటుందా, ఉండదా?"

డ్రైవరు బ్రేకు నొక్కి వెనక్కి తిరిగాడు. "ఉంటుంది" అన్నాడు. వెనక సీట్లో ఎవరో ఉండదన్నారు. ఇంకెవరో తమ ఊళ్ళో తాబేలును పట్టి చూపిస్తామన్నారు. బస్సు మళ్ళీ కదిలేసరికి ప్రయాణికులంతా రెండు జట్లుగా చీలిపోయారు. సిఫావు ఎవరి మాటా వినడంలేదు. చేతిసంచిలోంచి కాగితం ముక్క తీసి మోకాలి మీద పెట్టుకుని, బస్సు కుదుపుల మధ్యే, డొప్పకూ తోకకూ మధ్య లంకె ఎక్కడ వదలాలో గీసుకుంటోంది.